రెండో బ్రేకు

మార్చి 4

అమ్మాయ్ ఫస్ట్ గేరూ,

నువ్వు బయలుదేరి ఒక రోజైనా కాలేదు, అప్పుడే ఉత్తరమా అని మూతి తిప్పకు. తారు రోడ్డు అయిపోయే ఊరి పోస్టాఫీసుకి ఇది నీకంటే ముందే చేరుతుంది. తపాలా బండి డ్రైవరు నీలా కాకుండా మిగతా గేర్లు కూడా వాడతాడు.

ముందు నా ఆరోగ్యం సంగతి. నువ్వెలాగూ అడగవు కాబట్టి నేనే చెప్పుకుంటున్నా. మెట్టు తప్పి విరగ్గొట్టుకున్న కుడికాలు కట్టులో భద్రంగా ఉంది. కిటికీ పక్కన కుర్చీ, కుర్చీ ముందు స్టూలు, స్టూలు మీద కాలు. ముప్ఫై ఒక్క ఏళ్లు డ్రైవింగ్ స్కూలు నడిపి, ఊరంతటికీ స్టీరింగు పట్టుకోవడం నేర్పి, ఆఖరికి నేను పట్టుకున్నది చంకకర్ర. ఆ సముద్రపు ఒడ్డు మట్టిరోడ్డు మీద చివరిదాకా వెళ్లాలని స్కూలు తెరిచిన ఏడు నుంచీ అనుకుంటున్నా. నేను నడుపుతా, నువ్వు పక్కన మ్యాపు పట్టుకో అన్నాను. ఇప్పుడు నువ్వు నడుపుతున్నావు, పక్కన మీ బాబాయి మ్యాపు తలకిందులుగా పట్టుకుని ఉంటాడు. నా తమ్ముడని వెనకేసుకు రావడం లేదు. జీవితమంతా మందుల షాపులో కూర్చున్నవాడికి కుడీ ఎడమా తెలియవు, భోజనానికి ముందూ తర్వాతా మాత్రమే తెలుసు.

షరతు మర్చిపోయానంటావేమో, కాగితం మీద పెడుతున్నా. అయిదు ఏర్లు దాటాలి. అయిదో ఏటి అవతల ఆఖరి బీచి ఉంది, అక్కడికి చేరాలి. ఎవరి చేతా బండి లాగించుకోకూడదు. అలా వెళ్లొచ్చావా, స్కూలు నీది, బోర్డు మీద నీ పేరు. ఆ ఆఖరి ఇసుక చూడకుండా బండి వెనక్కి తిప్పావా, షట్టరు దించేసి తాళం మున్సిపాలిటీ చెత్తకుండీలో పడేస్తా. లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పినదానికి స్కూలు అప్పగించాలంటే నాకూ ఏదో ఒక ఆధారం కావాలి కదా.

ఇంకో మాట. నేర్చుకునేవాళ్లు గోడని గుద్దబోయినప్పుడల్లా నేను తొక్కడానికి మన జీపులో ఎడమ సీటు ముందు ఒక రెండో బ్రేకు ఉండేది కదా, దాన్ని పొట్టి మెకానిక్ చేత తీయించేశాను. నిన్నాపే కాలు ఇక ఏదీ లేదు. దున్నని జాగ్రత్తగా చూసుకో. నేను చెప్పేది జీపు గురించి, మీ బాబాయి గురించి కాదు.

నీళ్లలో దిగేముందు కర్ర పట్టుకుని నడిచి చూడు. ఇసుకలో టైర్ల గాలి సగం తీసెయ్. నీళ్ల మధ్యలో గేరు మార్చకు, బ్రేకు తొక్కకు. ఏం చూశావో రాయి. "చాలా అందంగా ఉంది" అని రాస్తే ఉత్తరం తిప్పి పంపుతా. నీళ్లది ఏ రంగో, ఇసుకది ఏ రంగో రాయి. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చీమలు పాకించకు. కింది వాటాలో ఉండే టైపిస్టు అమ్మాయి వచ్చి చదివిపెడుతుంది. నాకు కాలు బాగాలేదు కదా.

కదల్లేని,
అత్తయ్య


మార్చి 8

కదల్లేని అత్తయ్యకి,

నీ ఆశీర్వాదాలు అందాయి. ఉత్తరాలు కాలితో చదువుతావని ఇన్నాళ్లూ తెలియదు, క్షమించు. అందుకే పెద్ద అక్షరాలతో రాస్తున్నా.

తారు రోడ్డు అయిపోయింది. బోర్డూ లేదు, హెచ్చరికా లేదు. రోడ్డు వేసేవాళ్లు టీకి వెళ్లి మళ్లీ రానట్టు మధ్యలో ఆగిపోయింది. తర్వాతంతా ఎర్రమట్టి. రేకుల కప్పు మీద నడిపినట్టు గడగడలాడుతోంది. బాబాయి ఒక మాట మొదలుపెడితే అది నాలుగు ముక్కలై బయటికొస్తోంది. వింటున్నదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి పెద్ద నష్టమేం లేదు.

ఆయన తెచ్చిన సామాను: మడత మంచం, మందుల పెట్టె, రెండు గొడుగులు, వేడినీళ్ల రబ్బరు సంచి. నలభై డిగ్రీల ఎండలో వేడినీళ్ల సంచి ఎందుకు బాబాయ్ అంటే, "చలికాలం వస్తే?" అన్నాడు. మేం వెళ్తున్నది మూడు వారాలకి, అత్తయ్యా.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి ఏరు. నువ్వు చెప్పినట్టే కర్రతో నడిచాను. మోకాలి లోతు, అడుగున గులకరాళ్లు. సెకండ్ గేరులో దిగాను. సరిగ్గా మధ్యలో దున్న ఠక్కున ఆగిపోయింది. నేను బ్రేకు ముట్టుకోలేదు, ఒట్టు. బాబాయి కళ్లు మూసుకుని కాళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు, ఆయన్నే అడుగు. కళ్లు మూసుకున్నవాడు సాక్ష్యానికి పనికొస్తాడో లేదో నీ ఇష్టం. ప్లగ్గులు తుడిచి గంట తర్వాత బయటపడ్డాం. ఎవరూ లాగలేదు, నీ షరతు భద్రంగా ఉంది.

సాయంత్రానికి బీచి చేరాం. మనుషుల అడుగులు ఒక్కటి కూడా లేవు. అలలకి దూరంగా టెంటు వేశాం. బాబాయి మాత్రం "ఇసుక తేమ కీళ్లకి మంచిది కాదు" అని మంచం మీద పడుకున్నాడు. ఆ మంచం కాళ్లు కాసేపట్లో ఇసుకలోకి దిగిపోయి ఆయన్ని ఆ తేమ దగ్గరకే చేర్చాయి. పొద్దున లేచేసరికి ఎడమ చెప్పులో ఒక పీత కాపురం పెట్టింది. ఇంకా ఖాళీ చేయలేదు.

రంగులు అడిగావు కదా. ఒడ్డు దగ్గర నీళ్లు ఖాళీ సీసా గాజులా ఆకుపచ్చ. తర్వాత గీత గీసినట్టు ఒక హద్దు. దాని అవతల సిరా నీలం. ఇసుక జల్లించిన రవ్వ రంగు.

బాబాయికి మాత్రం సీటు తెగ నచ్చేసింది. మోకాళ్లు ముందు రేకుకి కొట్టుకుంటున్నాయట గానీ, "కాలు ఆనించుకోవడానికి అక్కయ్య ఎంత చక్కటి ఏర్పాటు చేయించిందో" అని పొద్దుట్నుంచీ నీ భజనే.

ఇసుక తింటున్న,
మేనకోడలు


మార్చి 12

ఫస్ట్ గేరుకి,

బ్రేకు ముట్టుకోలేదని ఒట్టు వేశావట. నా దగ్గర నేర్చుకున్న ప్రతివాడూ గోడ దానంతటదే ముందుకొచ్చిందనే ఒట్టు వేశాడు. సర్లే, ఈసారికి నమ్ముతా.

పెట్రోలు ఫిల్టరు విప్పి కడుగు. ప్లగ్గుల మీద గుడ్డ కప్పు. ఫ్యాను బెల్టు తీసి నీళ్లలో దిగు, నీళ్లు ఇంజను మీద చిమ్మకుండా ఉంటాయి.

అన్నట్టు చిన్న విషయం. మీ బాబాయిని వెనక సీటుకి మార్చు. బరువు బ్యాలెన్సు కోసం. ముందు భాగం బరువెక్కితే నీళ్లలో ముక్కు మునుగుతుంది. మడత మంచం ముందు పెట్టు, మనిషిని వెనక పెట్టు. ఇది ఇంజనీరింగు, నీకర్థం కాదు. చెప్పినట్టు చెయ్.

ఇక్కడ విశేషాలేం లేవు. టైపిస్టు అమ్మాయి నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. రంగుల దగ్గర ఇంకోసారి చదవమన్నా. ఆ పిల్ల అదోలా చూసింది. ఏం, నా ఉత్తరం నేను ఎన్నిసార్లు చదివించుకుంటే దానికేం?

మరిచిపోకు, వెనక సీటు.

అత్తయ్య


మార్చి 15

అత్తయ్యా,

నీ ఇంజనీరింగుకి దండం. బాబాయికి చెప్పాను. ఆయన ముఖం చూడాల్సింది. "నన్ను స్టవ్వు పక్కన కూర్చోమందా? కిరసనాయిలు డబ్బా పక్కన?" అన్నాడు. అక్కడితో ఆగలేదు. చిన్నప్పుడు నువ్వు సైకిలు వెనక ఎక్కించుకుని మలుపులో పడేసి, పడ్డాడని కూడా తెలియకుండా ఇంటికెళ్లిపోయావట. ఆ మచ్చ చూపించాడు. మచ్చ ఉన్నచోటు ఉత్తరంలో రాయదగ్గది కాదు. "మీ అత్తయ్య నన్ను ముందు కూర్చోనిచ్చింది ఎప్పుడు? ఇప్పుడూ చస్తే కదలను" అని సీటుకి అతుక్కుపోయాడు. నిద్ర కూడా అందులోనే. మీ అక్కాతమ్ముళ్ల పాత పగలకి నేనెందుకు బలి కావాలో నాకర్థం కావడం లేదు. కాలు విరిగి కోపంగా ఉంటే టైపిస్టు మీద తీర్చుకో, ఆ అమ్మాయి దగ్గర్లో ఉంది.

ఫిల్టరు కడిగాను. బెల్టు తీశాను. అయినా రెండో ఏట్లో ఆగింది. మూడో ఏట్లో ఆగింది. అక్కడితో సరిపెట్టుకోక పొడి ఇసుక దిబ్బ దిగేటప్పుడు కూడా ఆగింది. దాంతో కార్బురేటరు మొత్తం విప్పి బాబాయి దుప్పటి మీద పరిచాను. మళ్లీ బిగించాక ఒక మర మిగిలింది. అది ఏ చోటుదో తెలియక జేబులో వేసుకున్నా. బండి మాత్రం మునుపటికంటే హాయిగా నడుస్తోంది. ఆ మర అసలు అనవసరమేమో, పొట్టి మెకానిక్‌ని అడుగు.

నిజం చెప్పనా? నాలో నాకు నమ్మకం పోతోంది. బండి ఆగినప్పుడల్లా నా కాళ్లకేసి చూసుకుంటున్నా, తెలియకుండా నేనే తొక్కుతున్నానా అని. ప్రెస్సులో ప్రూఫులు దిద్దుకునేదాన్ని, నాకెందుకీ స్కూలు అనిపిస్తోంది. కానీ నాకు ఆ స్కూలు కావాలి అత్తయ్యా. చిన్నప్పుడు ఆ షట్టరు కింద నుంచి దూరి లోపలికొచ్చిన రోజుల నుంచీ కావాలి. ఇది వెక్కిరించకు.

మూడో బీచి ఇసుక నల్లగా ఉంది, పెనం అడుగులా. కాలు పెడితే కాలుతుంది. ఎలా తెలిసిందో అడగకు.

మర మిగిలిన,
మేనకోడలు


మార్చి 18

అమ్మాయ్,

వెక్కిరించడం లేదు. ముందు చెప్పింది విను.

నాలుగో ఏరు మిగతా వాటిలాంటిది కాదు. సముద్రం పోటు దాన్లోకి ఎక్కుతుంది. మధ్యలో బండి ఆగితే గంటలో బానెట్ మునుగుతుంది. మీ బాబాయిని వెనక్కి పంపకుండా అందులో దిగకు. సైకిలు నుంచి పడేసినందుకు క్షమించమన్నానని చెప్పు. పడ్డాడని నాకు తెలుసు, తెలిసే వెళ్లిపోయాను, అది కూడా చెప్పు. అప్పటికీ కదలకపోతే ఎడమ కిటికీ గాలికి చెవి చెడుతుందని చెప్పు. మందుల పెట్టె కుదుపుకి విరిగిపోతుంది, వెనక కూర్చుని ఒళ్లో పెట్టుకోమను. ఏదో ఒకటి చెప్పు. నేను దయచేసి అనే మాట ఎప్పుడైనా వాడానా? దయచేసి.

నీ కాళ్లు సరిగ్గానే ఉన్నాయి. వాటినేం చూసుకోనక్కర్లేదు.

సముద్రం రంగు మళ్లీ రాయి. ముందే రాశావని టైపిస్టు అంటోంది. అయినా రాయి.

అత్తయ్య


మార్చి 22

అత్తయ్యగారి సమక్షానికి,

దయచేసి అన్న మీ ఉత్తరం నాలుగో ఏటి అవతలి ఒడ్డున, ఉప్పూ సబ్బులూ అమ్మే కొట్లో నా కోసం వేచి ఉంది. అంటే ఏరు దాటాక అందింది. మీరు ఎప్పుడూ లేనిది మర్యాదగా రాస్తే అది ఇలాగే ఆలస్యంగా వస్తుంది.

పోటు రాకముందే దిగాను. కర్రతో నడిచాను, తొడ లోతు. మధ్యలో దున్న ఎప్పట్లాగే ఆగింది. స్టార్టరు నొక్కితే ఇంజను అందుకుంటుంది, రెండు గజాలు కదులుతుంది, మళ్లీ మోకాలు వేస్తుంది. నీళ్లు సీటు కింద నుంచి లోపలికొచ్చాయి. రబ్బరు సంచి తేలుతూ నా పక్కనుంచి వెళ్లింది. బాబాయి కళ్లు మూసుకుని, ముక్కులో ఏదో గొణుగుతూ, కాళ్లు రెండూ నేలకేసి తన్నిపెట్టి కూర్చున్నాడు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఇది కూడా రాస్తున్నాను చూడండి, ఏం చూశావో రాయమన్నారుగా.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి తపాలా బండి డ్రైవరు అరిచాడు. "సారూ! కాలు తియ్యండి! బ్రేకు మీంచి కాలు తియ్యండి!"

బాబాయి కళ్లు తెరిచి, "ఏ బ్రేకు?" అన్నాడు. కాలు తీశాడు. నేను స్టార్టరు నొక్కి ఫస్ట్ గేరు వేశాను. దున్న తలెత్తుకుని నడుచుకుంటూ ఒడ్డెక్కేసింది. ఫస్ట్ గేరులోనే, గమనించండి.

ఆ డ్రైవరు మీ శిష్యుడేనట. "మేడమ్ దగ్గర మూడు నెలలు నేర్చుకున్నానండీ. ఇంజను చెడితే బండి దగ్గి ఆగుద్ది. ఇది దగ్గలేదు, ముందుకి వంగింది. ఆ వంగడం నా నడుముకి ఇంకా గుర్తుంది" అన్నాడు. రబ్బరు పట్టా ఎత్తి చూశాం. ఉంది. తీయించేశానన్న రెండో బ్రేకు రాజాలా కూర్చుని ఉంది. బాబాయి ఇన్నాళ్లూ కాలు ఆనించుకున్న చక్కటి ఏర్పాటు అదే. పాపం ఆయన కాళ్లు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. తర్వాత తన పెట్టెలోంచి తనే ఒక మాత్ర వేసుకున్నాడు.

మొదట మెకానిక్‌ని తిట్టుకున్నాను. తర్వాత సరిగ్గా చూశాను. పెడల్ మీద రబ్బరు కొత్తది. కడ్డీ కొత్తది. సీటు మూడంగుళాలు ముందుకి జరిపి బోల్టు బిగించారు, అందుకే బాబాయి మోకాళ్లు రేకుకి కొట్టుకుంటున్నాయి. మన ఇంట్లో అంత పొట్టివాళ్లు మీరొక్కరే.

మీరు నడపాల్సిన ప్రయాణంలో ఎడమ సీటుకి కొత్త బ్రేకు ఎందుకు? కాలు విరగ్గానే నన్ను పంపారు కదా, మరి ఆ సీటు మీ ఎత్తుకి ఎప్పుడు బిగించారు? అంటే కాలు విరగక ముందే ఎడమ వైపు కూర్చోవాలనుకున్నారు. బాబాయి కాలు ఎక్కడుందో నా మొదటి ఉత్తరంతోనే తెలిసిపోయింది మీకు. అయినా బరువు బ్యాలెన్సు, ఇంజనీరింగు, చెవి గాలి. నేను మునిగిపోతుంటే కూడా చెప్పలేనంత రహస్యం ఏమిటది?

మీ ఉత్తరాలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. ప్రూఫులు దిద్దిన కళ్లు కదా. మొదటిదాంట్లో గీతలు తిన్నగా ఉన్నాయి. ఆఖరిదాంట్లో ఒక వాక్యం మీద ఇంకో వాక్యం ఎక్కి కూర్చుంది. కాలు విరిగితే చేతిరాత వంకరపోతుందా? మీరు ముప్ఫై ఏళ్లుగా దిగుతున్న మెట్టు ఎలా తప్పారు?

మిగిలింది ఒక్క ఏరు. దాని అవతల అరగంటలో ఆఖరి బీచి. నేను ఇక్కడే కూర్చున్నా. నిజం చెప్పేదాకా కదలను.

మీరు అన్నాను కదా ఇంతసేపూ. ఎంత కోపంగా ఉన్నానో తెలియాలని.

మేనకోడలు


మార్చి 25

ఏమే,

మీరు అంటే గౌరవం అనుకుని టైపిస్టు అమ్మాయి ముందు కాస్త పొంగిపోయాను. ఆఖరి లైను దాకా.

సరే, విను. జనవరిలో లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లాను. కంటి డాక్టరు గోడ మీద చార్టు చదవమన్నాడు. "ముందు చార్టు ఎక్కడుందో చెప్పు" అన్నాను. జోకనుకుని నవ్వాడు. తర్వాత నవ్వలేదు. రెండు కళ్లలోనూ మధ్యలో చూపు పోతోందట. ఏది సూటిగా చూస్తే అదే మాయమవుతుంది, చుట్టుపక్కల ఉన్నది మాత్రం కనిపిస్తుంది. రోడ్డు కనిపించదు, రోడ్డు పక్క కాలవ కనిపిస్తుంది. డ్రైవింగు మాస్టరుకి ఇంతకంటే అందమైన జబ్బు ఎక్కడ దొరుకుతుంది? నీ ముఖంకేసి చూస్తే నీ చెవులు రెండూ కనిపిస్తాయి, ముఖం కనిపించదు. మొదట్లో పెద్ద నష్టమేం లేదులే అనుకున్నా.

రంగులు కూడా పల్చబడుతున్నాయి. ఎన్నాళ్లుంటాయో చెప్పలేనన్నాడు. అందుకే ఈ ఏడే వెళ్లాలనుకున్నా. బయలుదేరే రోజు ఏదో నడుం నొప్పని చెప్పి నీ చేతికి స్టీరింగు ఇద్దామనుకున్నా. నువ్వు నడిపితే నాకు బ్రేకు ఉండాలి కదా, నా ప్రాణం మీద నాకు తీపి. ఈలోగా మెట్టు. మెట్టుకేసి సూటిగా చూశాను, అది మాయమైంది.

బ్రేకు తీయించేశానని రాసింది అబద్ధం. తీయడం మెకానిక్ మర్చిపోయాడని నెపం వాడి మీద నెట్టేయొచ్చు. నువ్వు అడిగితే వాడు నిజం చెప్పేస్తాడు, వాడికి అబద్ధం చేతకాదు. ఈ ఊరికంతా కళ్లు తెరిచి నడపండ్రా అని కేకలేసినదాన్ని. నాకే కళ్లు లేవని చెప్పుకోవడానికి నోరు రాలేదు. నా సిగ్గు కోసం నిన్ను నీళ్లలో ముంచబోయాను. ఆ నాలుగో ఏటి సంగతి మాత్రం ఇంకోసారి చదవమని టైపిస్టుని అడగలేదు. నాకు భయంగా ఉందే. చీకటంటే కాదు. ఏదీ చూడకుండానే అయిపోయిందే అని.

చెప్పేశాను, అయిపోయింది. ఇక ఏరు దాటు. బీచి చూడు. చూసి నాకు రాయి, వివరంగా, పెద్ద అక్షరాలతో. నీ కళ్లతో చూస్తే చాలు నాకు. షరతు షరతే, అరగంట దూరంలో నుంచి బండి తిప్పావో, స్కూలు సంగతి మర్చిపో. నేను మాట మీద నిలబడే మనిషిని, ఒంటికాలి మీదైనా సరే.

అత్తయ్య


మార్చి 28

అత్తయ్యా,

దాటను.

బాబాయిని ఇక్కడే దింపాను. కొట్టాయనకి తలనొప్పి మాత్ర ఇచ్చినప్పటి నుంచి ఆయన ఈ ఊరికి పెద్ద డాక్టరు. రోజూ మడత మంచం ముందు వరస కడుతున్నారు. సీటు కోసం ఇక పోట్లాడడు, ఇక్కడ మొత్తం మంచమే ఆయనది. నువ్వు కావాలనే పడేశావని చెప్పాను. "నాకు తెలుసులే" అన్నాడు.

బండి తిప్పాను. ఆఖరి ఇసుక చూడలేదు. చూసి నీకు రాసిపెట్టడం నా ఉద్యోగం కాదు. నీ కట్టు విప్పేలోపు ఇంటికొస్తా. ఎడమ సీటు మూడంగుళాలు ముందుకే ఉంచాను, బ్రేకు కూడా అలాగే ఉంది. వచ్చి కూర్చో, ఎంత కావాలంటే అంత తొక్కుకో.

స్కూలు పోతే పోయింది. ప్రెస్సువాళ్లు కూడా నాకు శాశ్వతంగా సెలవు ఇచ్చేశారు, కాబట్టి తీరికే.

చెత్తకుండీలో తాళం వెతుక్కోబోయే,
మేనకోడలు


ఏప్రిల్ 17

ఫస్ట్ గేరుకి,

నువ్వు పదడుగుల దూరంలో టెంటులో నోరు తెరుచుకుని నిద్రపోతున్నావు. పక్కనున్న మనిషికి ఉత్తరమేంటని నవ్వుకో. నోటితో చెబితే మధ్యలో అడ్డం వస్తావు, కాగితం మీదైతే చివరిదాకా నోరు మూసుకుని చదవాలి. తెల్లారింది. దారిలో మళ్లీ ఎక్కించుకున్న మీ బాబాయి అప్పుడే లేచి పీతలకి కూడా వైద్యం చేసేలా ఉన్నాడు.

నిన్న అయిదో ఏరు దాటగానే ఎగిరి గంతేశావు. "చూశావా అత్తయ్యా, దారి పొడుగునా ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు నువ్వు! నా మీద నీకు అంత నమ్మకమా!" అని నన్ను పట్టుకుని ఊపేశావు. అంత సంబరం చెడగొట్టడం ఇష్టం లేక ఊరుకున్నా. పదకొండు సార్లు తొక్కానే. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా. నాలుగో ఏట్లో అయితే రెండు కాళ్లతో తొక్కాను, విరిగినది కూడా కలిపి. మనం బయలుదేరిన పొద్దున, నువ్వు నీళ్లు పట్టడానికి వెళ్లినప్పుడు, పొట్టి మెకానిక్ వచ్చి దాన్ని విప్పేశాడు. పట్టా కింద ఏమీ లేదు. ఎన్నిసార్లు తన్నినా బండి ఆగలేదు. ఆ పదకొండు సార్లలో ఒక్కసారి కూడా ఆగాల్సిన పని లేదని తర్వాత తెలిసింది.

పెడల్ నీ సంచిలో ఉంది, నా పాత తువ్వాలులో చుట్టి, అడుగున. ఇంటికెళ్లాక బిగించుకో. సీటు మాత్రం మూడంగుళాలు వెనక్కి జరుపు, నీవి పొడుగు కాళ్లు. వచ్చే నెల నుంచి కొత్త బ్యాచి ఉంది, అయిదుగురు. అందులో ఒకడు స్టీరింగు వదిలేసి దండం పెట్టుకునే రకం. బోర్డు రాసేవాడికి బయలుదేరక ముందే చెప్పి వచ్చాను, నేను అసలే మాట మీద నిలబడని మనిషిని.

ఇంకొక్కటి. నిన్న సాయంత్రం విసుక్కున్నావు, "ఇంత దూరం వచ్చి సముద్రం చూడకుండా నా ముఖంకేసి చూస్తావేంటి" అని. సముద్రంకేసి సూటిగా చూస్తే అది మాయమైపోతుందే. అందుకే నిన్ను చూస్తూ కూర్చున్నా. నీ చెవులకి రెండు పక్కలా మొత్తం కనిపించింది. ముందు సీసా ఆకుపచ్చ, తర్వాత గీత, ఆ తర్వాత సిరా నీలం. నువ్వు రాసింది రాసినట్టే ఉంది.

లేచి టీ పెట్టు. తర్వాత వచ్చి నిన్నటి చోటే కూర్చో, కదలకుండా.

ఎడమ సీటు నుంచి,
అత్తయ్య